కొత్త కెర్నల్, పాత సిస్టమ్, కృష్ణమ్మ

కొత్త కెర్నల్ మీద పాత సిస్టమ్‌ను నడపడం కంటే మనిషికి మేలు చేసే పని ఇంకొకటి లేదు! నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

నాకు కనకమామిడిలో ప్లాస్టిక్ షీటు కప్పిన అర ఎకరం పాలీహౌస్ ఉంది. అందులో జెర్బెరా పూలు వేశాను. వేడి పెరిగితే సన్నటి నీటి తుంపర కొట్టే ఫాగర్లను నా కంప్యూటరే నడుపుతుంది. అందులోని ఆపరేటింగ్ సిస్టమ్ అందరిలా కొన్నది కాదు. ప్రోగ్రాము మూలరూపమైన సోర్సు కోడ్ తెచ్చి, మెషీన్‌కు అర్థమయ్యేలా స్వయంగా కంపైల్ చేసుకున్నది. మొయినాబాద్ మండలంలో ఇలాంటి మొనగాడిని నేనొక్కడినే. రెండోవాడు ఉంటే దయచేసి నాకు చెప్పకండి.

తెలియనివారి కోసం ఒక్క మాట. మెషీన్‌తో నేరుగా మాట్లాడే మూలభాగం కెర్నల్. దాని మీద పనిచేసే కమాండ్లన్నీ మిగతా సిస్టమ్. రెండింటినీ ఒకే సోర్సు నుంచి కంపైల్ చేసి, కలిపి మార్చాలి. లేదంటే ఒకదాని మాట ఇంకొకదానికి అర్థం కాదు. ఈ సంగతి సోర్సుతో వచ్చిన నోట్‌లో మొదటి పేజీలోనే ఉంది. మొదటి పేజీలు చదివితే ఇక మొనగాడితనం ఎక్కడిది?

ఏప్రిల్‌లో కొత్త వెర్షన్ వచ్చింది. కంప్యూటర్ రెండు సెకన్లు ముందుగా ఆన్ అవుతుందట! ఆరు నెలలకోసారి ఆపే కంప్యూటర్‌కు ఇంతకన్నా అత్యవసరం ఏముంటుంది? కెర్నల్ కంపైల్ చేసి ఎక్కించాను. మిగతా సిస్టమ్‌కు ఏడు గంటలు పడుతుందని తెలిసి, రేపు చూద్దామని రీస్టార్ట్ కొట్టాను.

కెర్నల్ దివ్యంగా లేచింది. నెట్‌వర్క్‌ను కలిపే పాత కమాండ్‌కు మాత్రం దాని భాష అర్థం కాలేదు. నెట్‌వర్క్ లేదు కాబట్టి ఫాగర్లకు కబురు లేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు పాలీహౌస్‌లో నలభై మూడు డిగ్రీలు. పూలు మెడలు వాల్చేస్తున్నాయి. చేత్తో తిప్పే వాల్వులు నాలుగున్నాయి. ఒకటి తిప్పితే బోరు నీళ్లన్నీ రోడ్డు మీదికి పోయాయి. రోడ్డు చల్లబడింది. అది ప్రజాసేవ కాదా?

చివరికి కృష్ణమ్మకు ఫోన్ చేశాను. పదకొండేళ్లు ఆ వాల్వులు తిప్పింది ఆమే. ఇక కంప్యూటరే చూసుకుంటుందని చెప్పి, పోయిన నెలే ఆమెను పనిలోంచి తీసేశాను.

"అక్కా, జర జల్ది రా. పూలు పోతున్నయి."

"కంప్యూటరు చూసుకుంటదంటివి గద, జితేందరన్నా?"

"చూస్తనే ఉన్నది. ఏం చేస్తలేదు."

పక్క ఫామ్‌హౌస్‌లో కలుపు తీస్తున్న మనిషి, కొంగు నడుముకు దోపుకుని పది నిమిషాల్లో వచ్చింది. రెండు వాల్వులు మూసి, రెండు తెరిచింది. తుంపర మొదలైంది. పడమటి వైపు రెండు వరుసలు పోయాయి గానీ మిగతా తోట బతికింది. ఇద్దరమూ తడుస్తూ నిలబడ్డాం.

"అసలేమైందన్నా?" అని అడిగింది.

"లోపలిది కొత్తది ఎక్కించిన. పైవి పాతయే ఉన్నయి. ఒకదానికొకటి పడ్తలేదు."

"రెండూ ఒక్కపారే మార్చాలెనని ఎవ్వరు చెప్పలేదా?"

"రాసి ఉన్నది."

"సదువొచ్చు గద నీకు?"

రేపటి నుంచి మళ్లీ పనికి రమ్మందామని నోటిదాకా వచ్చింది. రావద్దన్న నోటితోనే రమ్మని ఎలా అంటాం? "చాయ్ తాగుతవా అక్కా?" అన్నాను.

"ఆడ పనున్నదన్నా," అని తడి చీరతోనే వెళ్లిపోయింది.

మర్నాడు ఏడు గంటలు కూర్చుని, రెండింటినీ ఒకే సోర్సు నుంచి కంపైల్ చేసి ఎక్కించాను. అప్పటి నుంచి కెర్నల్, సిస్టమ్ ఒకే మాట మీద ఉన్నాయి. ఫాగర్లు నిమిషం తప్పకుండా నడుస్తున్నాయి. ఒక్క పొరపాటు లేదు.

నా బాధ అదే! అంతా ఇంత సవ్యంగా నడుస్తుంటే కృష్ణమ్మకు ఫోన్ చేయడానికి సాకేది? తప్పు నాదేనని ఒప్పుకుని పిలవొచ్చు కదా అంటారా? మీరు చాలా తేలిగ్గా అంటారు.

ఆదివారం ఇంకో వెర్షన్ వస్తోందట. కెర్నల్ ఒక్కటే ఎక్కిద్దామనుకుంటున్నాను.