పక్క కాగితం

ఆ ఉదయం దర్జీ ఆవిడ పెట్టుకున్నది చిన్న పనే. షూటింగ్ క్లబ్బుకు వెళ్ళి, రెండు నెలల కిందట పోయిన భర్త వస్తువులు తెచ్చుకుని, తొమ్మిదింటికల్లా కొట్టు తెరవాలి. కానీ కోచ్ వదల్లేదు.

"వదినా, అన్నయ్య పట్టుబట్టి నేర్పించిన మూడు పాఠాలూ ఊరికే పోవాలా? అయిదు తూటాలు పేల్చి వెళ్ళండి. మధ్యలోనే తగలాలని లేదు. అయిదూ ఒక్కచోట పడితే చెయ్యి కుదిరినట్టే. మధ్యకి తెచ్చుకోవడం తర్వాత సంగతి."

కాదనలేక మూడో లేన్‌లో నిలబడింది. పక్కన నాలుగో లేన్‌లో, ఆమెలాగే కొత్తగా నేర్చుకుంటున్న రిటైర్డ్ పోస్ట్‌మాన్. ఆమె రెండు చేతులతో పిస్టల్ పట్టుకుని, సూదిలో దారం ఎక్కించేటంత నెమ్మదిగా ట్రిగ్గర్ నొక్కింది. అయిదుసార్లు.

తీరా చూస్తే ఎదురుగా గురికి తగిలించిన ఆమె కాగితం కడిగిన ముత్యంలా ఉంది.

"గోడకైనా తగిలాయా?" అని వెనక ఎవరో నవ్వారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

నాలుగో కాగితం మీద మాత్రం, ఓ మూలగా, కోటు గుండీ అంత చోటులో అయిదు చిల్లులు. కోచ్ పరుగున వెళ్ళి పోస్ట్‌మాన్‌ని కావలించుకున్నాడు.

"బాబాయ్, ఇన్నాళ్ళూ ఈ చెయ్యి ఎక్కడ దాచారు?"

"అది కాదు నాయనా..."

"మీరేం చెప్పొద్దు!"

క్లబ్బు సెక్రటరీ ఫోటో తీశాడు. ఆదివారం పోటీకి జట్టులో పేరెక్కించాడు. చప్పట్లు మోగాయి. పెద్దాయన నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు ఆయన చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నారు. చివరికి ఆయన ఉక్రోషంతో ఎడమ గుప్పిట తెరిచాడు. అందులో అయిదు తూటాలు.

"అసలు నింపితే కదా పేల్చడానికి! చెయ్యి వణికి ఆగిపోయాను."

అందరూ దర్జీ ఆవిడ వైపు తిరిగారు.

"వదినా, పక్క కాగితం మీద పేల్చారేంటి?"

ఆమెకూ కాసేపు అర్థం కాలేదు. తర్వాత వెనకనున్న బల్ల వైపు చూసింది.

"ఏడాదిపాటు అక్కడ కూర్చుని ఆ కాగితాన్నే చూశానండీ. మా ఆయనెప్పుడూ నాలుగులోనే కదా నిలబడేది. ఇంకో కాగితం ఉందన్న ధ్యాసే లేదు నాకు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కోచ్ ఆ కాగితం ఊడదీసి ఆమె చేతికిచ్చాడు. "చెయ్యి కుదిరింది వదినా" అన్నాడు.

ఆమె చిల్లుల మీద వేలు పెట్టి చూసుకుంది. "ఆయనకి చూపించినా నమ్మరు" అంది అలవాటుగా. అన్నాక తన మాట తనకే వినబడింది. రెండు నెలలుగా రాని ఏడుపు అక్కడే, అందరి ముందే వచ్చేసింది.

ఆ కంగారులో జట్టు జాబితా దిద్దాలని ఎవరికీ తోచలేదు. ఆదివారం పోటీకి వెళ్ళిన పోస్ట్‌మాన్, తనకిచ్చిన తూటాలన్నీ భద్రంగా తిరిగి తెచ్చి అప్పగించాడు.