అద్దానికి చెరోపక్క భోజనం

యంత్రాల కర్మాగారం వార్షికోత్సవంలో ఈ ఏటి ఆదర్శ దంపతులుగా ఫిట్టరునూ, డిజైను ఇంజినీరైన అతని భార్యనూ ఎంపిక చేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. బరిలో వేరే జంట లేనందున ఎంపిక ఏకగ్రీవమైంది.

జనరల్ మేనేజరు జ్ఞాపిక అందించి ఉపన్యసించారు. "పదో తరగతితో ఆగిపోయిన ఈయన్ని చూడండి, రెండు డిగ్రీలున్న ఈవిణ్ణి చూడండి! మన పారిశ్రామిక సమాజంలో మనిషికీ మనిషికీ మధ్య గోడల్లేవని చెప్పడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?"

చప్పట్లతో సభ దద్దరిల్లింది. తర్వాత అందరూ భోజనానికి లేచారు. ఆదర్శ దంపతులు గుమ్మం దగ్గర విడిపోయి, ఆవిడ డిగ్రీ ఉన్నవాళ్ల హాల్లోకి, అతను లేనివాళ్ల హాల్లోకి వెళ్లారు. రెండింటి మధ్య ఉన్నది నేల నుంచి కప్పు దాకా అద్దం. దాన్ని గోడ అనడం అన్యాయం. అవతలివాళ్లు ఏం తింటున్నారో ఇవతలికి చక్కగా కనిపిస్తుంది కాబట్టి యాజమాన్యం దాన్ని పారదర్శకత అంటుంది.

ఫిట్టరుకు శాలరీ మీద బెంగ లేదు, హోదా మీద యావ లేదు. అతనిది తెల్లవారుజాము షిఫ్టు. ఆవిడ ఇల్లు చేరేసరికి అతని కళ్లు మూతలు పడుతుంటాయి. పెళ్లాంతో మాట్లాడుకునే వీలున్నది రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ కాసేపే. అందుకని ఇద్దరూ అద్దానికి చెరోపక్క బల్లలు జరుపుకుని ఎదురెదురుగా తినేవారు. తను వండి పెట్టిన కూరలో ఉప్పు సరిపోయిందా అని ఆవిడ సైగ చేస్తే, ప్రమోషన్ వచ్చిందా అని అడిగిందనుకుని అతను తల అడ్డంగా ఊపేవాడు. మర్నాడు కూర ఉప్పుకషాయంలా ఉండేది.

అత్తగారు మాత్రం అల్లుణ్ణి ఏనాడూ తక్కువ చేయలేదు. "మావాడు టెక్నికల్ లైన్లో ఉన్నాడు" అనేది. ఏ లైనని గుచ్చి గుచ్చి అడిగేవాళ్లతో రాకపోకలు మానేసింది.

చివరికి అతను ధైర్యం చేసి మేనేజరు ముందు నిలబడ్డాడు. "అయ్యా, మా ఆవిడ పక్కన కూర్చుని నాలుగు మెతుకులు తింటానండి. అంతకన్నా ఏమీ వద్దు."

యాజమాన్యం చలించిపోయి, వెంటనే అసమాన విద్యా దాంపత్య ప్రోత్సాహక సంఘాన్ని నియమించింది. అద్దాన్ని పగలగొడితే ఆదర్శ దంపతులను గుర్తుపట్టడం కష్టమవుతుందని సంఘం తేల్చింది. భార్య డిగ్రీలు వెనక్కిచ్చే మార్గమూ పరిశీలించింది గానీ, పుచ్చుకునే కౌంటరు ఏ విశ్వవిద్యాలయంలోనూ లేదట. కాబట్టి రోజూ అద్దం తుడవాలనీ, ఫిట్టరు చదువుకోవాలనీ సిఫారసు చేసింది.

అతను చదివాడు. షిఫ్టు దిగి, నూనె చేతులు కడుక్కుని, సాయంత్రం కళాశాలలో తనకన్నా సగం వయసువాళ్ల పక్కన కూర్చున్నాడు. లెక్కల్లో బోర్లాపడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. సెలవురోజుల్లో భార్య పాఠం చెబుతుంటే పుస్తకం మీదే కునుకు తీశాడు. కిందా మీదా పడి ఆరేళ్లకు పట్టా పుచ్చుకున్నాడు. అసిస్టెంట్ ఇంజినీరై, కంచం పట్టుకుని అద్దానికి ఇవతల భార్య పక్కన కూర్చున్న రోజున, కూరలో ఉప్పు సరిపోయిందని అతను నోటితోనే చెప్పాడు. అత్తగారు అల్లుడి లైనేమిటో వీధివీధికీ వెళ్లి చెప్పి వచ్చింది.

ఏటేటా వాళ్లకే దక్కుతున్న ఆదర్శ దంపతుల బిరుదు ఆ ఏడే రద్దయింది. డిగ్రీవాడు డిగ్రీ ఉన్నావిణ్ణి చేసుకోవడంలో విశేషం ఏముంది?

అన్నను చూసి ఉత్సాహపడి అతని చెల్లెలూ ఇంజినీరింగు చదివి అదే కర్మాగారంలో చేరింది. చేరి, క్రేన్ ఆపరేటరును పెళ్లాడింది. ఖాళీగా ఉన్న ఆదర్శ దంపతుల స్థానం ఆ విధంగా భర్తీ అయింది. అనుభవజ్ఞుడు కదా అని మన మాజీ ఫిట్టరును ప్రోత్సాహక సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. ఇప్పుడు అతని మాటే ఖాయం.

ఒక మధ్యాహ్నం చెల్లెలు కంచం తెచ్చుకుని అన్నావదినల ఎదుట కూర్చుంది. అద్దం అవతల ఆమె మొగుడు ఒక్కడే తింటున్నాడు.

"అన్నయ్యా, ఈ బాధ నీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. అద్దం తీసేయమని ఒక్క మాట చెప్పు."

"అతన్ని చదువుకోమను."

"ఆరేళ్లా?"

"నేను చదవలేదూ? ఇవాళ ఊరికే తీసేస్తే నేను పడ్డ పాట్లన్నీ దేనికి?"

"దేనికేమిటండీ! నా పక్కన కూర్చోడానికి కాదూ?" అంది భార్య.

అతను ముద్ద కలుపుతూ ఆలోచించాడు. నిజమే, అందుకే చదివాడు. కానీ ఆ మాట ఇప్పుడు పైకి అనడానికి చిన్నతనంగా తోచింది.

"ఎవరైనా కష్టపడే పైకి రావాలి" అన్నాడు గట్టిగా.

హాల్లోని డిగ్రీదారులంతా తినడం ఆపి తలలూపారు. అలా ఊపినవాళ్లలో మీరూ ఉన్నారు, నేనూ ఉన్నాను. ఆ తర్వాత ఎవరి కూర వాళ్లం కలుపుకున్నాం.