చీమ నడిచినా వినే మైకు

ఆ ఆదివారానికి సత్యభామ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు పాట రికార్డు చేయాలి, పదింటికి పంపాలి, ఆ తర్వాత నింపాదిగా ఇడ్లీ తినాలి. గడువు పదకొండు దాకా ఉంది కాబట్టి గంట ముందే పని తెమిలిపోతుందని ఆమె ధైర్యం.

పురసవాక్కంలో వాళ్ల వీధి చివర ఒక వినాయకుడి గుడి ఉంది. ధనుర్మాసం నెల పొడుగునా తెల్లవారుజామున ఆ గుడి లౌడుస్పీకర్లో పేటవాళ్లలో ఒకరి గొంతు వినిపిస్తుంది. ఎవరి గొంతన్నది భజన సంఘం ముందే పాటలు తెప్పించుకుని తేలుస్తుంది. ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకు పాట నేర్పి, వాళ్లను వేదిక ఎక్కించి, తాను తెర వెనక శ్రుతిపెట్టె దగ్గర కూర్చున్న సత్యభామకు ఆ ఒక్క నెల కావాలి. రెండేళ్ల కిందట పాట పంపితే, సంఘం కార్యదర్శి శేషాద్రి, "గొంతులో వయసు తెలస్తా ఉండాదమ్మా" అని నవ్వుతూనే పక్కన పెట్టేశాడు. ఆయన ఉండేది వాళ్ల అపార్ట్‌మెంట్‌లోనే, కింది అంతస్తులో. ఆ మాట ఆమెకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. పైగా సంఘం అరవై దాటినవాళ్లను తీసుకోదు. ఆమెకు వచ్చే జనవరిలో అరవై నిండుతాయి. ఈసారి తప్పితే ఇంకెప్పుడూ లేదు. మళ్లీ వద్దంటే నలుగురిలో తలెత్తుకోలేనని, పాట పంపుతున్న సంగతి ఎవరికీ చెప్పనని భర్త చేత ఒట్టు వేయించుకుంది.

భర్త అచ్యుతరామయ్య మనలిలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో ముప్పై నాలుగేళ్లు కొనుగోళ్లు చూసి రిటైరైన మనిషి. మూడు కొటేషన్లు లేనిదే కొత్తిమీర కట్ట కూడా కొనడు. మైకు బాధ్యత ఆయన తలకెత్తుకున్నాడు. రిచీ స్ట్రీట్‌లో మూడు అంగళ్లు తిరిగి, పట్టిక గీసి, చివరికి సుబ్బన్ అనే అంగడతని ముందు కూర్చున్నాడు. సుబ్బన్ ఒకే వెలకు వచ్చే రెండు మైకులు చూపించాడు. మొదటిది నోటి దగ్గర పెట్టుకుని పాడితే ఆ పాట మాత్రమే తీసుకుంటుంది, మిగతా లోకాన్ని పట్టించుకోదు. రెండోది గది అవతల చీమ నడిచినా వింటుంది. మీ ఇంటి చుట్టూ సందడి ఉంటే మొదటిదే మేలని అతను మర్యాదగానే చెప్పాడు.

"అదే వెలకి ఎక్కువ వినేది ఉండంగా తక్కువ వినేది కొంటే, రేపు ఆడిట్‌లో నేనేం జవాబు చెప్పేది?" అన్నాడు అచ్యుతరామయ్య.

రిటైరై ఆరేళ్లయిన మనిషిని ఏ ఆడిట్ వచ్చి అడుగుతుందో సుబ్బన్‌కు అర్థం కాలేదు. రెండోదానికే బిల్లు రాసి ఇచ్చాడు.

తొమ్మిదిన్నరకు సత్యభామ పడకగదిలో కూర్చుని మోహన రాగంలో కీర్తన ఎత్తుకుంది. పూర్తయ్యాక చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని వింది. అందులో ఫ్యాను ఉంది, ఫ్రిజ్ ఉంది, గోడ గడియారం ఉంది, పై అంతస్తు విజయకుమార్ ఇంట్లో చట్నీ రుబ్బుతున్న మిక్సీ ఉంది. వీటి మధ్య ఎక్కడో దూరాన ఆమె పాట కూడా ఉంది.

"మీరు ఊపిరి తీసేది గూడా పడింది" అంది భర్తతో.

"నేను ఊరికేనే కూర్చోనుంటిని గదా."

"ఊరికే కూర్చోనే తీసినారు."

మైకు మార్చుకుందామంటే ఆదివారం అంగడి లేదు. ఇక మైకును మార్చలేక అచ్యుతరామయ్య ఇంటిని మార్చడం మొదలుపెట్టాడు. ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపేశాడు. కుక్కర్ కూత పెడుతుందని పొయ్యి ఆర్పేశాడు. కిర్రుమనే కుర్చీలను, స్ప్రింగులు మూలిగే సోఫాను లాక్కెళ్లి వరండాలో పెట్టాడు. పనిమనిషి వస్తే గుమ్మంలోనే ఆపి, ఈ రోజు వద్దని చేత్తో సైగ చేసి పంపేశాడు. అటక మీది పాత బొంతలు దింపి కిటికీలకు కట్టాడు. పదేళ్ల దుమ్ము కళ్లలో పడి ధారగా నీళ్లు కారాయి. అప్పటికి పదీ పది అయింది.

పై ఇంటి మిక్సీ మాత్రం ఆగలేదు. ఆయన అదే అవతారంలో, ఎర్రబడ్డ కళ్లతో, భుజాన తువ్వాలుతో మెట్లెక్కి విజయకుమార్ తలుపు తట్టాడు. అసలు సంగతి చెప్పడానికి ఒట్టు అడ్డం. మైకు భయంతో అరగంట నుంచి గొంతు తగ్గించి మాట్లాడి మాట్లాడి అదే అలవాటైపోయింది.

"మా ఇంట్లో సత్యభామ..." అని ఆగి, తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. "ఇప్పుడేమీ అడగబాక నాయనా. ఒక అరగంట సద్దు లేకుండా చూడు, చాలు."

విజయకుమార్ మిక్సీ ఆపించి, మెల్లగా కిందికి దిగి చూశాడు. వరండా నిండా కుర్చీలున్నాయి. ముందరి కూడం గది ఖాళీ చేశారు. పొయ్యి వెలగలేదు. పనిమనిషి వెనక్కి వెళ్లిపోయింది. శవాన్ని పడుకోబెట్టడానికి తప్ప ఏ ఇంట్లోనూ ఆదివారం పూట కూడం ఖాళీ చేయరని అతనికి తెలుసు. వెంటనే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గుంపులో రెండు వాక్యాలు పెట్టాడు. నిమిషానికి పది దండాలు పడ్డాయి. టీవీలు ఆగిపోయాయి, పిల్లల చేతుల్లోని బ్యాట్లు లాక్కున్నారు. శేషాద్రి పూలదండకు మనిషిని పంపి, అద్దెకు ఐస్ పెట్టె తెప్పించడానికి తానే ఫోన్ చేశాడు. ఆ దండాలు చూడాల్సిన సత్యభామ ఫోన్ పాటకు అడ్డు రాకుండా ముందే మూగబోయి ఉంది.

ఈలోగా ఆమె రెండుసార్లు పాట ఎత్తుకుంది. మొదటిసారి నీళ్ల లారీ, రెండోసారి కాకి చెడగొట్టాయి. పదీ నలభై అయింది. ఊపిరి గొడవ లేకుండా భర్తను బాల్కనీలోకి పంపి తలుపు వేయించింది. మూడోసారి కళ్లు మూసుకోగానే చుట్టూ ఏ సద్దూ లేదు. ఆ వీధిలో కాపురానికి వచ్చినప్పటి నుంచి అంత నిశ్శబ్దం ఆమె ఎరగదు. దేవుడు దయ తలచాడనుకుంది. భయం పోయింది. ముప్పై ఏళ్లు పిల్లల కోసం దాచిపెట్టిన పాట అంతా ఆ పూట తన కోసం పాడుకుంది.

బాల్కనీలో నిలబడ్డ అచ్యుతరామయ్యకు గేటులోంచి ఐస్ పెట్టె వ్యాను రావడం కనిపించింది. ఎవరింట్లోనో పాపం అనుకుని చేతులు జోడించాడు.

గడియ చప్పుడవుతుందని ఆయన వీధి తలుపు దగ్గరగా వేసి వదిలేశాడు. పదిహేను మంది చెప్పులు విడిచి దాన్ని తోసుకుని కూడంలోకి వచ్చారు. మూసిన గది లోపల్నుంచి సత్యభామ గొంతు వినిపిస్తోంది. ఆమె పాత పాటేదో శవం పక్కన పెట్టి వినిపిస్తున్నారనుకుని ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. శేషాద్రి దండ పట్టుకుని గది తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

పదీ యాభై రెండుకు పాట ముగిసింది. సత్యభామ తలుపు తీసింది.

పదిహేను మందీ ఒక్కసారిగా రెండడుగులు వెనక్కి వేశారు. విజయకుమార్ గోడకు జారగిలబడ్డాడు. సత్యభామ దండ వంక, దాన్ని పట్టుకున్న శేషాద్రి వంక చూసి, ఎనిమిది నిమిషాలే మిగిలాయని గుర్తొచ్చి, ఒక్క నిమిషం ఉండమని చెప్పి లోపలికి వెళ్లింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆదరాబాదరాగా పాటను ముందుకు జరుపుకుంటూ వింది. అంతా శుభ్రంగా ఉంది. చివరి చరణంలో మాత్రం తలుపు అవతలి శేషాద్రి గొంతు, చెవి దగ్గర చెప్పినంత స్పష్టంగా పడింది.

"ఎంత గొంతు పా. రెండేండ్ల ముందర నేనే వద్దంటిని. వయసూ లేదు, ఏమీ లేదు. మా కోడలు వర్షిణిని పెట్టాలని లేని వంక చెప్పినా. ఇట్లాంటి పాట ఈ పేటలో ఇంక వినం."

సత్యభామకు కళ్లు చెమర్చాయి. రెండేళ్లుగా రోజూ అద్దంలో ముఖం చూసుకున్నట్టు గొంతునే పరీక్షించుకుంటూ, లేని లోపం వెతుక్కుంది. కోపం కన్నా ముందు సంతోషమే వచ్చింది. హెడ్‌ఫోన్ తీసి శేషాద్రి చేతిలో పెట్టింది. ఆయన విన్నాడు. దండ కింద పడింది.

"ఆ చివరి ముక్క కోసేసి పంపండమ్మా" అన్నాడు మెల్లగా. "నేను ఇంట్లో అన్నం తినాల."

"కోసేది నాకు రాదండీ. పాడేది మాత్రం వచ్చు."

పదీ యాభై ఎనిమిదికి పాట సంఘానికి వెళ్లిపోయింది. అప్పుడే బాల్కనీ తలుపు తీసుకుని అచ్యుతరామయ్య లోపలికి వచ్చి, కూడంలో జనాన్ని చూసి గొంతు తగ్గించి, "ఎవరు పోయినారు?" అని అడిగాడు.

మధ్యాహ్నానికి సంఘంలో పాటలు ఎంచే మిగతా ఇద్దరూ పాట విన్నారు. కార్యదర్శే స్వయంగా అంత చెప్పాక ఇంక చర్చించేదేముందని ఆమె పేరు ఖాయం చేశారు. బతికున్న మనిషిని ఆ అపార్ట్‌మెంట్‌లో అంతగా పొగడడం అదే మొదటిసారి, అదీ పొరపాటున జరిగింది.