ప్లాస్టిక్ గడ్డికి నీళ్ళు

ఆర్లో ప్రూయిట్ ఇల్లు అమ్ముడుపోకపోవడానికి కారణం అతని బావమరిది డెల్మర్. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఎడారి కారణం కాదు, కరువు కారణం కాదు, బయటివాళ్ళకి నీళ్ళు ఆపేసిన పట్నం కూడా కారణం కాదు. అవన్నీ కలిసి ఇంటి ధరను సగానికి దించాయి, అంతే. మిగిలిన సగం సంగతి డెల్మర్ ఒక్క ఉదయంలో తేల్చేశాడు.

ఆ శనివారం పదకొండు గంటలకు మిన్నెసోటా నుంచి ఒక జంట ఇల్లు చూడటానికి రావాలి. పద్నాలుగు నెలల్లో అదే మొదటి బేరం. పట్నం పొలిమేరకి అవతల ఎడారిలో ఉన్న ఈ పాలోసెకోలో ప్రతి మూడో ఇంటి ముందూ అమ్మకం బోర్డు ఉంది. ఎండకి బోర్డుల మీద అక్షరాలు కూడా వెలిసిపోయాయి. ఊళ్ళోకి ఎవరైనా వచ్చినా నీళ్ళ పైపు ఎక్కడని అడిగేవాళ్ళు. లేదని చెబితే కారు దిగకుండానే వెనక్కి తిప్పుకునేవాళ్ళు. ఇక్కడ బావి తవ్వితే వెయ్యి అడుగుల దాకా దుమ్మే వస్తుంది. ప్రతి ఇంటికీ నేలలో పాతిన ట్యాంకు ఉంటుంది, దాన్ని లారీ వచ్చి నింపాలి. లారీ రాకపోతే మనిషి తన ఇంట్లో తనే దొంగలా బతకాలి, చప్పుడు చేయకుండా, కుళాయి ముట్టుకోకుండా.

డెబ్బై ఒకటో ఏట ఆర్లోకి కావలసింది ఒక్కటే. పట్నంలో చిన్న ఫ్లాటు, అందులో ఒక కుళాయి. తిప్పితే నీళ్ళు రావాలి, ఎన్ని మిగిలాయో బయటికి వెళ్ళి చూసుకోకుండా. ఎడారిలో ఇల్లు కావాలన్నది అతని భార్య నెడీన్. సూర్యాస్తమయం బాగుంటుందంది. నెడీన్ పోయి మూడేళ్ళయింది. సూర్యాస్తమయం రోజూ అవుతూనే ఉంది, చూసేవాళ్ళు లేరు. పోయే ముందు ఆమె కోరిందని, తన గేటు పక్కనే రోడ్డుని ఆనుకుని ఉన్న రెండెకరాల ముక్కను ఆమె తమ్ముడు డెల్మర్‌కి రాసిచ్చాడు ఆర్లో. ముల్లు కూడా సరిగా మొలవని ముక్క అది. డెల్మర్ దాని మీద ఒక చక్రాల ఇల్లు తెచ్చి పెట్టుకున్నాడు. నేలకీ మనిషికీ జోడీ కుదిరింది.

ఏడు గంటలకు ఆర్లో ట్యాంకు దగ్గరికి వెళ్ళి కొలత కర్ర చూశాడు. నాలుగు వేళ్ళ లోతు నీళ్ళున్నాయి. లారీ డ్రైవర్ చూయ్ ఎనిమిదికి రావాలి. ఇల్లు అమ్మిపెట్టే గ్రెచెన్ అప్పటికే ఫోన్లో ఉంది.

"వాళ్ళు వచ్చేసరికి ట్యాంకు నిండుగా ఉండాలి ఆర్లో గారూ. మూత తీసి చూపించండి. నీళ్ళు కనబడితే మనిషి మెత్తబడతాడు."

"పైపు లేదని చెప్పావా వాళ్ళకి?"

"కాగితాల్లో రాశానండీ. పదకొండో పేజీలో."

"మొదటి పేజీలో రాయమన్నాను."

"మొదటి పేజీలో సూర్యాస్తమయం ఫొటో ఉంది కదండీ."

ఎనిమిదింటికి లారీ రాలేదు, చూయ్ ఫోన్ వచ్చింది. "పెద్దాయనా, నీళ్ళు పట్టే చోట చాంతాడంత లైనుంది. పదిన్నర అవుతుంది."

"పదకొండుకి కొనేవాళ్ళొస్తారు."

"పదిన్నర పదకొండు కంటే ముందేగా."

"ఇవాళ తప్పితే మళ్ళీ ఎప్పుడు?"

"పది రోజులు. అదీ ఎవరైనా చస్తే ఖాళీ అవుతుంది."

తొమ్మిదింటికి డెల్మర్ వచ్చాడు, పిలవకుండానే. సాయం చేస్తానన్నాడు. ఆర్లో అతని చేతికి చీపురు ఇచ్చాడు.

"వసారా ఊడువు. చీపురు తప్ప ఇంకేదీ ముట్టుకోకు. ఎవరైనా వస్తే నీళ్ళ గురించి ఒక్క మాట మాట్లాడకు. అర్థమైందా?"

"నేనేమన్నా చిన్నపిల్లాడినా బావా?"

"చిన్నపిల్లలు చెబితే వింటారు."

ఆర్లో లోపలికి వెళ్ళి తివాచీ మీద దుమ్ము లాగే యంత్రం నడిపాడు. అది లారీ అంత చప్పుడు చేస్తుంది. అరగంట తరవాత దాన్ని ఆపితే ఇంకో చప్పుడు వినిపించింది. గోడ అవతల నీళ్ళ మోటారు తిరుగుతోంది. లాగడానికి ఏమీ లేనప్పుడు మోటారు చేసే ఎండు మూలుగు అది. ఆర్లోకి ఆ మూలుగు బాగా తెలుసు. పరుగెత్తే మోకాళ్ళు కావు అతనివి, అయినా పరుగెత్తాడు.

డెల్మర్ వాకిట్లో గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. ఇంటి ముందు పరిచిన ప్లాస్టిక్ గడ్డి తళతళా మెరుస్తోంది. గొట్టం చివర ఒక్కో చుక్కే పడుతోంది.

"ప్లాస్టిక్ గడ్డికి నీళ్ళు పెట్టావా?"

"పెట్టలేదు బావా, కడిగాను. దుమ్ము పట్టి బూడిదలా ఉంది. మిన్నెసోటా వాళ్ళు పచ్చదనంలో పుట్టినవాళ్ళు. చూడు ఎంత బాగుందో."

ఆర్లో గడ్డి వైపు చూడలేదు. ట్యాంకు మూత తీసి దించితే కొలత కర్ర పొడిగా అడుగుకి ఆనింది. ట్యాంకులో ఉండాల్సిన నీళ్ళు వాకిలి దిగి, గేటు దాటి, మట్టి రోడ్డు మీద ముప్పై అడుగులు పారి, అక్కడ నల్లటి మరకై ఆగాయి. ఆ మరక దగ్గర ఒక కారు ఆగి ఉంది. అందులో మావిస్ ఉంది, రెండు వీధుల అవతల ఉండే విధవ. ఆమె కారు దిగి, వంగి, వేలితో మట్టిని ముట్టుకుని, వాసన చూసింది. తరవాత కారెక్కి వెళ్ళిపోయింది.

పాలోసెకోలో ఎవరూ నేల మీద నీళ్ళు పొయ్యరు. వేడినీళ్ళు వచ్చేదాకా కారే చన్నీళ్ళను బకెట్‌లో పట్టి మరుగుదొడ్లో పోస్తారు. అన్నం కాగితం పళ్ళేల్లో తింటారు. ఎవరింటికైనా భోజనానికి వెళితే పూలు కాదు, క్యానుతో నీళ్ళు పట్టుకెళతారు. అలాంటి చోట రోడ్డు తడిసిందంటే అర్థం ఒక్కటే. ఎవరికో బావి పడింది. బావి పడినవాడు మొదటి రోజు ఇరుగుపొరుగు అందరికీ ఊరికే పోయాలి. అది ఇక్కడి రివాజు. తొమ్మిదేళ్ళ కిందట ఒకరికి పడింది, ఎండాకాలం తిరక్కముందే ఎండిపోయింది. రివాజు మాత్రం మిగిలింది.

పదిగంటలకు మొదటి బండి వచ్చింది, వెనక ప్లాస్టిక్ ట్యాంకుతో. పదింపావుకి అయిదయ్యాయి. పదిన్నరకి పద్నాలుగు బండ్లు గేటు నుంచి రోడ్డు మలుపు దాకా బారులు తీరాయి. రెండేళ్ళుగా ఆర్లోతో మాట్లాడనివాళ్ళు కూడా టోపీలు తీసి పలకరించారు. అందరికంటే ముందు మావిస్ ఉంది.

"నా దగ్గర బావి లేదు," అన్నాడు ఆర్లో.

"బావి పడినవాడు మొదట అనే మాట అదే," అంది మావిస్.

"మా బావమరిది గడ్డి కడిగాడు. అంతే."

"ప్లాస్టిక్ గడ్డినా?"

"అవును."

మావిస్ వెనక్కి తిరిగి జనాన్ని చూసింది. "ప్లాస్టిక్ గడ్డికి నీళ్ళు పోశాడట. అంటే ఎన్ని పడ్డాయో చూసుకోండి."

ఎవరో డెల్మర్‌ని పట్టుకున్నారు. "నువ్వు చెప్పు డెల్మర్. ఎన్ని అడుగుల్లో పడింది?"

డెల్మర్ జీవితంలో మొదటిసారి చెప్పిన మాట విన్నాడు. "నీళ్ళ గురించి ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడు మా బావ."

దాంతో ఎవరికీ అనుమానం మిగల్లేదు. మలుపు దగ్గర ఒకతను తన ఇంటి ముందున్న అమ్మకం బోర్డు పీకి బండిలో వేసుకున్నాడు. పక్కింటికి నీళ్ళు పడ్డాక ఎవరు అమ్ముకుంటారు?

లారీ ఇంకా రాలేదు. కొనేవాళ్ళు మాత్రం పావుగంట ముందే వచ్చారు. ఎవరెట్ హాల్వర్సన్ అరవై దాటిన మనిషి, మాట తక్కువ. అతని భార్య మార్లిస్ కారు దిగి, బారుతీరిన బండ్లను చూసి, భర్త మోచెయ్యి పట్టుకుంది.

"చెప్పానా, పొద్దున్నే బయల్దేరదామని. చూడు ఎంతమంది వచ్చారో."

ఎవరెట్ బండ్లను ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. "అందరూ ఈ ఇంటికేనా?"

గ్రెచెన్‌కి విషయం ఏమిటో తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. "డిమాండ్ ఉందండీ," అంది. అది నిజమే. దేనికన్నది ఎవరూ అడగలేదు.

ఆర్లో నోరు తెరిచాడు. గ్రెచెన్ అతని కాలు తొక్కింది.

లోపల మార్లిస్ గదులు సరిగా చూడను కూడా చూడలేదు. కిటికీలోంచి బండ్లనే చూస్తోంది. ఒకసారి మాత్రం స్నానాలగది తలుపు మీద చెయ్యి వేసింది. లోపల కుళాయి తిప్పితే గాలి దగ్గుతుంది. ఆర్లో ముందుకొచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం. బల్లులుంటాయి. చూసొస్తాను."

"బల్లులా?"

"పెద్దవి."

మార్లిస్ చెయ్యి తీసేసింది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని కలం అడిగింది. "అడిగిన ధర కాదు, పైన ఇంకొంచెం వేసి రాద్దాం. ఆ బయట ఉన్నవాళ్ళు ఇంకా రాయలేదు కదా?"

"ఒక్కరు కూడా రాయలేదండీ," అంది గ్రెచెన్, కళ్ళు నేలకి దించి.

ఆర్లో బల్ల అంచు పట్టుకున్నాడు. కాగితం మీద మార్లిస్ తన పేరు రాసింది. భర్త పేరు రాసింది. అంకె రాయాల్సిన చోటికి కలం వచ్చింది. పట్నం కుళాయి కలం చివర వేలాడుతోంది.

అప్పుడు రోడ్డు మీద లారీ హారన్ మోగింది. మోగి, ఆగలేదు.

ఆర్లో వసారాలోకి వచ్చాడు. చూయ్ లారీ మలుపులో ఇరుక్కుంది. దాని ముందు మావిస్ చేతులు చాచి నిలబడింది, వెనక నలుగురు మగవాళ్ళు.

"ఇప్పుడు తెలిసింది," అని కేకేసింది మావిస్. "మాకు లేదన్నావు. పట్నానికి అమ్ముకోడానికి లారీ పిలిపించావు. మా కాళ్ళ కింద నీళ్ళు ఆర్లో, నీ ఒక్కడివి కాదు."

"నేను పట్టుకెళ్ళడానికి రాలేదమ్మా, పోయడానికొచ్చా," అన్నాడు చూయ్.

"బావి ఉన్నవాడికి పోస్తావా? మా మొహాలు అలా కనబడుతున్నాయా నీకు?"

ఒకతను లారీ వెనక తూము మీద చెయ్యి వేశాడు. చూయ్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "పెద్దాయనా, దాని మీద చెయ్యి పడితే నేను వెనక్కి తిప్పేస్తా. మళ్ళీ పది రోజులకే." లారీ వెనక్కి కదలసాగింది.

ఆర్లో వెనక్కి తిరిగి చూశాడు. మార్లిస్ కలం కాగితం మీదే ఉంది. గ్రెచెన్ రెండు చేతులతో మాట్లాడొద్దని సైగ చేస్తోంది. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు. లారీ పోతే పోయింది. ఇల్లు అమ్ముడుపోయిన మనిషికి లారీతో పనేముంది? ఆర్లో నోరు మూసుకున్నాడు.

"నెడీన్ బతికుంటే ఇలా దాచుకునేదా?" అంది మావిస్. "ఆ మనిషి క్యాను మోసుకుని ఇల్లిల్లూ తిరిగేది. నువ్వు ఆమె పక్కన ఇరవై ఏళ్ళు కాపురం చేసి ఇదా నేర్చుకున్నది?"

ఆర్లో మెట్లు దిగాడు.

"ఆమె పేరెత్తకు," అన్నాడు. తరవాత మాటలు అతనివే అయినా గొంతు అతనిది కాదన్నట్టు వచ్చాయి. "బావి లేదు. పైపు లేదు. ఈ ఇంట్లో ఒక్క చుక్క లేదు. పొద్దున్నుంచి నేను మొహం కూడా కడుక్కోలేదు. రండి, వచ్చి మూత తీసి చూడండి. ఉన్న నాలుగు వేళ్ళ నీళ్ళూ ఈ వెధవ గడ్డి మీద పోశాడు. ఇంకేం కావాలి మీకు?"

మావిస్ వచ్చి మూత తీసి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత జనం ఒక్కొక్కరే టోపీలు పెట్టుకుని, బండ్లు పక్కకి తీసి, లారీకి దారిచ్చారు. ఎవరూ ఆర్లో మొహం చూడలేదు.

హాల్వర్సన్ దంపతులు వసారాలో నిలబడి ఉన్నారు. మార్లిస్ కలానికి మూత పెట్టేసింది.

"పైపు లేదని చెప్పి ఉండాల్సింది," అన్నాడు ఆర్లో.

"పదకొండో పేజీలో ఉంది, చదివాం," అన్నాడు ఎవరెట్. "దానికి సిద్ధపడే వచ్చాం. అడిగిన ధరకి తీసుకుందామనే అనుకున్నాం." అతను ఆర్లోని కాదు, వెళ్ళిపోతున్న బండ్లను చూస్తున్నాడు. "అయితే వీళ్ళు ఇంటికి వచ్చినవాళ్ళు కాదు."

"కాదు. నీళ్ళకి."

"ఉన్నాయని తెలిస్తే రోజూ వస్తారా?"

"ఎందుకు రారు? నీళ్ళు లేకుండా ఎవరుంటారు?"

ఎవరెట్ తల ఊపాడు. మిన్నెసోటాలో అతను ముప్పై ఏళ్ళు పాల ట్యాంకర్లు నడిపించాడు. ఖాళీ ట్యాంకులతో వచ్చిన పద్నాలుగు బండ్లు ఒక్క గంటలో ఒకచోట చేరితే అది ఎంత వ్యాపారమో అతనికి ఎవరూ వివరించనక్కర్లేదు. వాకిలి దిగి రోడ్డు దాకా నడిచాడు. చదునుగా, రోడ్డుని ఆనుకుని, చెట్టూ చేమా లేకుండా ఉన్న నేల దగ్గర ఆగాడు.

"ఇది ఎవరిది?"

"నాదేనండీ," అన్నాడు డెల్మర్, చేతిలో చీపురుతో. "మా బావ రాసిచ్చాడు."

ఆ రోజు ఆర్లో ట్యాంకు అంచు దాకా నిండింది. మూత తీసి చూపించడానికి ఎవరూ లేరు.

ఏడాది తిరిగేసరికి డెల్మర్ ముక్క మీద ఎవరెట్ డబ్బుతో నాలుగు పెద్ద ట్యాంకులు లేచాయి, వ్యాపారంలో ఇద్దరికీ వాటా. దూరం నుంచి పాల బండ్ల లాంటి తెల్లటి లారీలు వచ్చి వాటిని నింపుతాయి, పాలోసెకో మొత్తం అక్కడే పట్టుకుంటుంది. నీళ్ళు దగ్గరయ్యేసరికి ఇళ్ళ ధరలు లేచాయి, అమ్మకం బోర్డులు దిగిపోయాయి. ఒక్క బోర్డు దిగలేదు. తెల్లవారింది మొదలు బండ్ల బారు నిలబడేది ఆర్లో గేటు ముందే. పొగలోంచి, హారన్లలోంచి ఇల్లు చూడటానికి ఎవరూ రారు. హాల్వర్సన్ దంపతులు మావిస్ ఇల్లు కొనుక్కున్నారు. అటువైపు చప్పుడు ఉండదట. మావిస్ పట్నంలో ఫ్లాటు తీసుకుంది. కుళాయి బాగా వస్తోందని ఆర్లోకి కార్డు రాసింది.

ఆర్లో ప్లాస్టిక్ గడ్డిని చుట్టచుట్టి డెల్మర్ గుమ్మంలో పడేశాడు. డెల్మర్ దాన్ని కడిగి తన ఆఫీసు ముందు పరుచుకున్నాడు. అతనికి ఇప్పుడు పేరు కుట్టిన టోపీ కూడా ఉంది.

ఒకరోజు ఆర్లో తెచ్చిన క్యాన్లు నింపుతూ డెల్మర్ నెమ్మదిగా మాట కదిపాడు. "బావా, ఆ రోజు నేను గడ్డి కడగకపోయి ఉంటే..."

"గొట్టం కట్టెయ్," అన్నాడు ఆర్లో. "ఆ మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను."

ఎత్తలేదు కూడా. వారానికి రెండుసార్లు వెళ్ళి, ఎన్ని క్యాన్లు కావాలో వేళ్ళతో చూపిస్తాడు.