గోల పట్టే మిషను

ఆ ఆదివారం ఉదయానికి లక్ష్మీకాంత్ చేతిలో ఉన్న ఆస్తి ఇది: గుణదలలో చక్కగా నడిచే ఎలక్ట్రికల్ షాపు, డాబా మీద గదిలో సరదాకి ఊరూరివాళ్ళతో మాట్లాడుకునే ఒక హామ్ రేడియో, సందులో మంచి పేరు, భార్య రమాసుందరి దగ్గర ఇంకా కొద్దిగా మిగిలిన ఓపిక. రావలసింది ఒక్కటే. కృష్ణకు వరదొచ్చి ఫోన్లు మూగబోతే డెల్టాలోని హామ్‌ల కబుర్లన్నీ అందుకునే ప్రధాన స్టేషను ఎవరిదో, ఆ ఉదయం పది గంటలకు పెద్దాయన అచ్యుతరామారావు గారు రేడియోలోనే పరీక్ష పెట్టి తేలుస్తారు. పోటీలో కూచిపూడి నుంచి రాఘవ ఉన్నాడు.

టిఫిను వేళకు సెట్టు పెట్టి చూస్తే మనిషి గొంతే లేదు. బర్ర్‌ర్‌మని ఒకటే గోల. కొన్నాళ్ళుగా ఉన్నదే, ఈ పూట ముదిరింది.

ఇలాంటప్పుడు హామ్‌లకు ఒక పద్ధతి ఉంది. ముందు సొంతింటి కరెంటు ఆపి, సెట్టును బ్యాటరీ మీద పెట్టి వినాలి. లక్ష్మీకాంత్ మెయిన్ దింపాడు. కింద మిక్సీలో పెసరట్టు పిండి సగంలో ఆగిపోయింది.

"ఏమండీ, మీ రేడియో బతకాలంటే నా పిండి చావాలా?"

"గోల తగ్గలేదు సుందరీ! అంటే తప్పు మనింట్లో లేదు" అన్నాడు లక్ష్మీకాంత్, తన తూకం రాయి సరిగ్గా ఉందని తేలినవాడిలా.

"సంతోషం. అట్లు కూడా లేవు."

చేతి రేడియో ఒకటి తీసుకుని, దాని కడ్డీ పైకి లాగి వీధిన పడ్డాడు. తప్పున్న ఇంటి దగ్గరికి వెళ్తే గోల పెరగాలి. తీరా చూస్తే ప్రతి మీటరు దగ్గరా అదే గోల. పక్కింటి జక్కయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"ఏంటండీ ఆ మిషను?"

"గోల పట్టేదండీ. మీ మీటరు దగ్గర ఎలా అరుస్తుందో చూడండి. ఎవరింట్లో తప్పుందో ఈ పూట తేల్చేస్తాను."

జక్కయ్య మీటరుకు అడ్డంగా నిలబడ్డాడు. అతని ఏసీకి, ఆ మీటరుకు అసలు పరిచయం లేదు. లోపలికి వెళ్ళి మెయిన్ దింపి, సందు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: 'లక్ష్మీకాంత్ గారు కరెంటోళ్ళతో కలిశారు. దొంగ కరెంటు పట్టే మిషనుతో ఇంటింటికీ వస్తున్నారు.'

తప్పు చేసినవాళ్ళు భయంతో మెయిన్లు దింపారు. చేయనివాళ్ళు, మిషను పొరపడితే మన గతేమిటని దింపారు. చివరింటి తెరేసమ్మ టీచరు మాత్రం ఇస్త్రీ పెట్టెతో ఎదురొచ్చింది.

"బిల్లు ఒక్కసారి ఎగ్గొట్టిన దాన్ని కాదు, నా ఇంటికి మిషనేసుకొస్తావా? చర్చిలో పూజకెళ్ళాలి, చీర సగమే ఇస్త్రీ అయింది. ఇదిగో, నేనూ ఆపేశా. పట్టుకో చూద్దాం!"

"అది కాదండీ టీచర్ గారూ..."

అంతలో చేతిలోని రేడియో చల్లబడింది. గోల లేదు. లాభం వచ్చినప్పుడు ఎందుకొచ్చిందని అడిగే వ్యాపారి ఇంకా పుట్టలేదు. లక్ష్మీకాంత్ డాబా మీదికి పరుగెత్తాడు.

"గుణదలా, ఎలా వినిపిస్తున్నాను?" అన్నారు అచ్యుతరామారావు గారు.

"అద్దంలా ఉందండీ!"

అప్పటికే సందంతా అతని వెనక మెట్లెక్కింది. "ఒక్కింట్లోనూ కరెంటు లేదు, ఇంక ఏం పడతారో పట్టమనండి!" అన్న జక్కయ్య కేక మైకులోంచి నేరుగా పెద్దాయన చెవిన పడింది.

"ఏమయ్యా, అక్కడ కరెంటు లేదా?"

"సందు మొత్తం పోయిందండీ. బ్యాటరీ మీదున్నాను."

"శభాష్! రాఘవ సెట్టు బాగుందిగానీ బ్యాటరీ లేదు. వరదకు కావలసింది నీ స్టేషనే."

ఆ సంతోషంలో లక్ష్మీకాంత్ మిషను సంగతంతా అందరికీ విప్పి చెప్పాడు. జనం ఇళ్ళకెళ్ళి మెయిన్లు ఎత్తారు. బర్ర్‌ర్ మళ్ళీ మొదలైంది.

"ముందు మా ఇంట్లో తేల్చు, నా పరువు సంగతి" అంది తెరేసమ్మ. నలుగురి ముందూ ఫ్యాను ఆపాడు, ఫ్రిజ్ ఆపాడు. మార్పు లేదు. హాల్లో పగలు కూడా వెలిగే ఎల్‌ఈడీ బల్బు ఆపాడు. గోల తగ్గింది. బల్బు ఊడదీసి పైకెత్తాడు.

"ఈ చెత్త బల్బు మీకు ఎవడంటగట్టాడండీ?"

"నువ్వే. ఒకటి కొంటే ఒకటి ఉచితమని సందంతా పంచావుగా."

జక్కయ్యకు ధైర్యం వచ్చింది. "మరి మీ మెయిన్ ఆపితే గోల తగ్గలేదన్నారే! మీ ఇంట్లో ఇవి పెట్టలేదా?"

లక్ష్మీకాంత్ బల్బును జేబులో పెట్టుకున్నాడు. జవాబు రమాసుందరి చెప్పింది. "మాకు మంచి కంపెనీవి తెచ్చారు అన్నయ్యగారూ!"

సాయంత్రానికి లెక్క తేలింది. వరద స్టేషను దక్కింది, గోల పోయింది, మంచి బల్బులు సందులోకి వెళ్ళి చెత్త బల్బులు బస్తాలకెక్కి షాపులోకి వచ్చాయి. అమ్మిన రోజు కంటే వాపసు తీసుకున్న రోజే షాపు ముందు వరస పొడుగ్గా ఉంది.