మదార్ మానేసిన మాత్ర

ఎనిమిదింటికి హెబ్రోను ఆటో ఎక్కడం, తొమ్మిది దాటకుండా సూళ్లూరుపేట చేరడం, డాక్టరు ముందు కాళ్లు చాపి చూపించడం, అన్నం వేళకు ఇల్లు చేరడం. ఆ ఉదయం మదార్ వేసుకున్న పథకం ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందని భార్య జాన్‌బీ కూడా అనుకుంది. కానీ పథకంలో హెబ్రోను ఉన్నాడు.

మదార్ ఒకప్పుడు టెంట్ హౌస్‌లో పనిచేసేవాడు. ఎవరి పెళ్లికో షామియానా కడుతూ పైనుంచి పడ్డాడు. పెళ్లి ఆగలేదు, భోజనాలూ ఆగలేదు. మదార్ ఒక్కడే ఆగిపోయాడు. వెన్నులో నరం దెబ్బతిని, రెండు కాళ్లూ కొయ్యల్లా బిగుసుకుపోయేవి. ఉన్నట్టుండి వాటంతట అవే ఎగిరిపడేవి. నెల్లూరు డాక్టరు బిగువు తగ్గించే మాత్ర రాసిచ్చాడు, పూటకొకటి. దాని పుణ్యాన మదార్ కర్ర పట్టుకుని మసీదు దాకా నడవగలిగాడు, ఇంట్లో కూర్చుని షామియానాలకు అంచులు కుట్టగలిగాడు.

అసలు చిక్కు అక్కడే. సర్కారు వికలాంగుల పింఛన్లు మళ్లీ తనిఖీ చేస్తోంది. మాత్ర వేసుకుంటే కాళ్లు కాస్త వంగుతాయి. కాళ్లు వంగితే పింఛను పోతుంది. పింఛను పోతే మాత్ర కొనలేడు. మాత్ర లేకపోతే కాళ్లు వంగవు, కానీ అప్పటికి తనిఖీ అయిపోయి ఉంటుంది. పక్క వీధి పెంచలమ్మకు పింఛను అలాగే కొట్టేశారు. ఆమె పింఛను పోయినందుకు ఏడవలేదు. నీళ్ల కుళాయి దగ్గర ఆడవాళ్లు "దొంగ కుంటిది" అన్నందుకు ఏడ్చింది. ఆ మాట తన మీద పడుతుందేమోనని మదార్‌కు వారం రోజులుగా అన్నం దిగడం లేదు.

సలహాలిచ్చేవాళ్లకు కాళ్లు బాగుంటాయి. లేకపోతే ఇంటింటికీ ఎలా తిరుగుతారు? ఎదురింటి హెబ్రోను మొన్న సాయంత్రం అలా తిరుగుతూనే వచ్చాడు.

"మదారన్నా, ఆ మాత్ర మానెయ్. కాళ్లు బిర్రబిగుసుకోవాల. డాక్టరు చూసి ఉలిక్కిపడాల."

"ఉన్నపళంగా మానొద్దన్నాడబ్బా నెల్లూరు డాక్టరు."

"ఆయన ఇస్తాడా పింఛను?"

మదార్ దిండు కింది మాత్రల అట్ట తీసి అటూ ఇటూ తిప్పాడు.

"ఇంట్లో ఉంటే వదిన ఊరుకోదు. ఆ అట్ట ఇట్టియ్యి, నా కాడ భద్రంగా పెడతా," అని హెబ్రోను మాత్రల అట్ట జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు సాయంత్రానికే మదార్ ఒళ్లంతా చెమటలు, దురద. కాళ్లు మంచం పట్టెను తన్నడం మొదలుపెట్టాయి. జాన్‌బీ బతిమాలింది, తిట్టింది, చివరికి ఏడ్చింది. మదార్ మాత్రకు నోరు తెరవలేదు. కాళ్లతో పాటు దవడ కూడా బిగుసుకుందా అనిపించేలా కూర్చున్నాడు.

అందుకే తనిఖీ రోజు ఉదయం జాన్‌బీ డబ్బాలో మిగిలిన ఇంకో అట్ట తీసి, ఒక మాత్ర నలిపి, మొగుడి టీ గ్లాసులో కలిపింది. చేదు తెలియకుండా చక్కెర ఎక్కువ వేసింది. కాగితాలు వెతకడానికి ఆమె అటు వెళ్లగానే కూతురు షాహీన్ వంటింట్లోకి వచ్చింది. తండ్రి అవస్థ చూడలేక అదే అట్టలోంచి ఒక మాత్ర, అదే గ్లాసులో కలిపింది. ఆమె కూడా చక్కెర వేసింది. తల్లికి చెబితే నోరు జారుతుందని కూతురి భయం, కూతురికి చెబితే నోరు జారుతుందని తల్లి భయం.

మదార్ ఒక గుక్క నోట్లో పోసుకుని గ్లాసు దూరంగా నెట్టాడు. "ఏందే ఇది? టీనా, పాకమా?"

అప్పుడే వచ్చిన హెబ్రోను ఆ గ్లాసు అందుకున్నాడు. "వదిన చేతి టీ వదిలిపెడతారా ఎవురైనా?" అని నిలబడే మొత్తం తాగేశాడు.

జాన్‌బీ నోరు తెరిచింది. చెబితే మాత్ర సంగతి బయటపడుతుంది, మొగుడు ఆటో ఎక్కడు. 'ఒక్కటే కదా' అని నోరు మూసుకుంది. ఆమె వెనకాల షాహీన్ కూడా నోరు తెరిచింది. 'ఒక్కటే కదా' అని తనూ మూసుకుంది.

"కాగితాల కవరు నా కాడుండనీ, మీరు పోగొడతారు," అని హెబ్రోను దాన్ని చొక్కాలో దోపుకుని, ముగ్గురినీ ఎక్కించుకుని ఆటో తీశాడు.

ఊరు దాటేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. తర్వాత ప్రార్థన పాట ఒకటి ఎత్తుకున్నాడు. మూడో చరణానికి పాట నెమ్మదించింది. తల్లీకూతుళ్లు ఇద్దరూ అతని మెడనే చూస్తున్నారు. రోడ్డుకు ఒక పక్క పులికాట్ సరస్సు బురద, ఇంకో పక్క రొయ్యల గుంటలు.

"చిన్నాయనా, మెల్లగా పో," అంది షాహీన్.

"హెబ్రోనూ, కాసేపు ఆపరాదా?" అంది జాన్‌బీ.

"ఏందమ్మా ఇద్దరూ... ఇంకా మెల్లగా పోతే... ఎనక్కి పోతాం," అన్నాడు హెబ్రోను. అని, తల హ్యాండిల్ మీద పెట్టేశాడు. ఆటో తొందరేమీ లేనట్టు రోడ్డు దిగి, రొయ్యల గుంట గట్టుకు ఆనుకుని ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"చిన్నాయనా! లెయ్ చిన్నాయనా!"

"లేస్తుండా... మీరు పదండి," అన్నాడు కళ్లు తెరవకుండా.

చెయ్యి ఎత్తితే పడిపోతోంది. తల ఎటు తిప్పితే అటే ఉంటోంది. జాన్‌బీ అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఒక్క మాత్రకే ఇంత మనిషి ఇలా అయ్యాడే! ఇతనికి ఏమైనా అయితే ఇతని పెళ్లాం రోజాకు మొహం ఎలా చూపించాలి? మదార్ మాత్రం సెల్‌ఫోన్‌లో టైము చూసుకుంటూ, చెమట తుడుచుకుంటూ, "వీడికి ఇప్పుడే రావాల్నా నిద్ర?" అని పళ్లు కొరికాడు.

రొయ్యల మేత వ్యాను ఒకటి ఆగింది. మేత బస్తాల మధ్య ఒకవైపు కర్రలా బిగిసిన మదార్‌ను, ఇంకోవైపు తడిబట్టలా వేలాడే హెబ్రోనును వేసుకుని తనిఖీ జరిగే కల్యాణ మండపానికి చేర్చింది. ఆ మండపానికి మదార్ ఎన్నోసార్లు షామియానాలు కట్టాడు. ఇప్పుడు అదే గుమ్మంలో దిగడానికి ఇద్దరు ఆడవాళ్లు పట్టుకోవాల్సి వచ్చింది. కాళ్లు వంగకపోవడంతో దింపడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా స్ట్రెచర్ మనుషులు వచ్చి, కళ్లు మూసుకుని పడున్నవాడే అసలు రోగి అనుకుని హెబ్రోనును లోపలికి మోసుకుపోయారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు. సర్కారు లెక్కలో కూర్చున్నవాడి కంటే పడుకున్నవాడికే కష్టం ఎక్కువ.

మదార్‌ను కుర్చీలో కూర్చోబెట్టారు. ఊపిరి తీసుకునేలోపే మైకు పలికింది. "షేక్ మదార్, చూడటం అయిపోయింది. వెళ్లిపోవచ్చు."

"నన్ను చూసేసినారంట," అన్నాడు మదార్ బిత్తరపోయి. "ఎవురు చూసినారు? ఎప్పుడు చూసినారు?"

లోపల అప్పటికే హెబ్రోను చొక్కాలో కాగితాలు దొరికాయి, జేబులో మాత్రల అట్టా దొరికింది. ఇతను మదార్ కాదేమోనని తనిఖీ చేసే డాక్టరమ్మకు అనుమానం రాలేదు. "మదార్, వినపడుతోందా?" అంటే "ఊఁ" అన్నాడు కూడా. కాలు ఎత్తి వదిలితే టపామని పడింది.

"రికార్డులో కాళ్లు బిగుసుకున్నాయని ఉంది. ఇంత మెత్తటి కాళ్లు నేనెక్కడా చూడలేదు. ఆ పింఛనుకు అర్హుడు కాదని రాయండి," అంటూనే ఆమె హెబ్రోను నాడి పట్టుకుంది. "రాసేది తర్వాత. ముందు ఇతనికి ఏమైందో చూడాలి."

ఆ మాటలు తెర ఇవతలికి వినబడ్డాయి. "నేను దొంగను కాదు తల్లీ!" అని మదార్ కర్ర మీద లేవబోయాడు. రెండు కాళ్లూ ఒక్కసారిగా బిగుసుకుని, కత్తెరలా అడ్డం పడి, ఎదురుగా ఉన్న బల్లను తన్నాయి. బల్ల మీది రిజిస్టర్లు, స్టాంపు ప్యాడు, మైకు అన్నీ నేల మీదికొచ్చాయి. పడిన మైకు మదార్ పళ్లు టకటక కొట్టుకోవడాన్ని మండపమంతా వినిపించింది.

డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. నుదురు పట్టి చూసింది. చిన్న సుత్తితో మోకాలి కింద కొడితే కాలు ఎగిరింది. పాదం పైకి నొక్కితే కుట్టుమిషన్ పెడల్‌లా ఆగకుండా కొట్టుకుంది.

"మదార్ మీరా? మరి లోపలున్నది ఎవరు?"

"ఎదురింటాయన," అంది షాహీన్.

"మాత్ర ఎప్పుడు మానేశారు?"

"నిన్న పొద్దున్నించి. కాళ్లు బిగుసుకుని కనపడాలని..."

"ఫిట్స్ వచ్చి పోయేవారు తెలుసా? ఈ మాత్ర తగ్గించాలన్నా కొంచెం కొంచెంగా తగ్గించాలి, అదీ డాక్టరు చెబితేనే. మాత్ర వేసుకున్నా మీ పాదం ఇలాగే కొట్టుకుంటుంది. దాని కోసమే కదా ఈ సుత్తి. మానేయడం దేనికి?"

మదార్ తల దించుకున్నాడు. జాన్‌బీ కొంగులోంచి అట్ట తీసింది. "నిన్న మానేసినవి కూడా కలిపి ఇచ్చేసేదా తల్లీ?"

"వద్దు! ఇప్పటిది ఒక్కటే. సాయంత్రం దాకా నా కళ్ల ముందు ఉండాలి." డాక్టరమ్మ లోపలి స్ట్రెచర్ వైపు చూసింది. "ఆయన ఏం మింగాడు?"

జాన్‌బీ చేతిలోని అట్టను మళ్లీ కొంగులో దాచుకుంది.

"టీలో ఒకటి..." అంది జాన్‌బీ.

"నేనూ ఒకటి..." అంది షాహీన్.

తల్లీకూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. "రెండేనా?" అని డాక్టరమ్మ హెబ్రోను జేబులో దొరికిన అట్ట పైకెత్తింది. మదార్ అది ఇచ్చేటప్పుడు నిండుగా ఉంది. ఇప్పుడు సగం ఖాళీ.

హెబ్రోను చెంప తట్టి అడిగితే, నాలుక మడతపడుతూ చెప్పాడు. "ఆటో తోలి తోలి... నడుం పట్టుకుంటాది. అన్న మానేసినాడు గదా... ఎందుకు పారెయ్యాలని... నేనేసుకుంటుండా. రాత్రి మంచి నిద్ర... పొద్దున రెండేసుకున్నా."

జాన్‌బీ నుదుటి మీద కొట్టుకుంది. అంబులెన్సు వచ్చింది. హెబ్రోను మర్నాటిదాకా ఆసుపత్రిలో ఉన్నాడు. ఊపిరి సరిగా ఆడుతోందా అని నర్సులు పూటపూటా చూశారు. రోజా మంచం పక్కన కూర్చుని, ప్రార్థనకూ తిట్లకూ మధ్య వ్యవధి లేకుండా రెండూ సాగించింది. మదార్ కాగితాల మీద డాక్టరమ్మ పింఛను ఉంచాలనీ, మళ్లీ తనిఖీ అక్కర్లేదనీ రాసింది.

మరుసటి రోజు మదార్ కర్ర పట్టుకుని చూడబోతే, హెబ్రోను కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట ఇదే.

"పనైందా అన్నా?"

"అయింది."

"చూసినావా? నా మాట ఇన్నందుకే."

హెబ్రోను ఇప్పటికీ సలహాలు ఇస్తూనే ఉన్నాడు. టీ మాత్రం తన ఇంట్లో తాగి వస్తున్నాడు.