చుక్క తోడని ఉత్తమ రైతు

"ఇకమీదట ఈ రాష్ట్రంలో ఒక్క నీటిబొట్టు కూడా మీటరుకు చెప్పకుండా భూమిలోంచి బయటికి రాదు" అని భూగర్భజల గౌరవ శాఖ మంత్రిగారు తిరుచానూరులో అమ్మవారి దర్శనం చేసుకుని, మెడలో దండతో గుడి బయటికి వస్తూ ప్రకటించారు. ఆ మాట వినగానే పక్కన పూలమ్ముకునే ఆమె పూలమీద చల్లుకునే నీళ్ల చెంబును కొంగు చాటున దాచుకుందని అంటారు. మనం నమ్మనక్కరలేదు.

పథకం పేరు 'పాతాళగంగ పొదుపు'. ప్రతి బోరుకూ ఒక మీటరు బిగిస్తారు. ఎక్కువ తోడిన రైతుకు నీటి చార్జీ. తక్కువ తోడిన రైతుకు సబ్సిడీ. అసలు తోడనివాడికి ఏమిస్తారని ఒక విలేకరి అడిగాడు. మంత్రిగారు గోపురం వంక చూసి, "అలాంటి మహానుభావుడు దొరికితే నేనే వాళ్ల తోటకు వెళ్లి శాలువా కప్పుతాను" అన్నారు.

మహానుభావుడు దొరికాడు. పూతలపట్టు దాటాక లోపలికి వెళ్లే మట్టిరోడ్డు చివర అతని తోతాపురి మామిడితోట ఉంది. పేరు మునిచంద్ర. పోయిన కార్తీకంలోనే అతని బోరు ఎండిపోయింది. మోటరు వేస్తే కాసేపు గాలి, ఆ తరువాత కాసింత బురద, ఆపైన అదీ లేదు. మీటరు బిగించింది ఆ తరువాతే. బిగించినవాళ్లు మీటరు బాగుందా అని చూశారు గానీ, బోరు సంగతి వాళ్ల పని కాదు.

కొత్త బోరు వేసుకోకపోతే ఈ ఎండాకాలం దాటేసరికి తోట కట్టెపుల్లలైపోతుంది. వేసుకోవాలంటే అనుమతి కావాలి. అనుమతికి పాత బోరు ఎండిపోయిందని శాఖవారి సర్టిఫికెట్ కావాలి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే పెంచలయ్యను పిలిపిస్తే, తోటంతా తిరిగి, ఈశాన్యం మూల కాయ నిటారుగా లేచి నిలబడగానే అక్కడ రాయి పాతి వెళ్లాడు. భూమిలో గంగమ్మ ఒప్పుకుంది. చిత్తూరు ఆఫీసు ఒప్పుకోవడమే మిగిలింది.

ఆ ఆఫీసులో ఏఈ యోగానంద అంతటి సౌమ్యుడు జిల్లాలోనే లేడు. ఎన్నిసార్లు వెళ్లినా కుర్చీ చూపించి, నవ్వి, "వచ్చే సోమవారం చూద్దాం" అనేవాడు. మునిచంద్ర కాళ్లరిగేలా తిరిగాడు. అలాంటిది ఒకరోజు ఆయనే జీపేసుకుని తోటకు వచ్చాడు. వెంట అధికార పార్టీ మండల నాయకుడు చక్రధర్, అతని చేతిలో స్వీటు డబ్బా.

"కొట్టినావప్పా మునిచంద్రా!" అని చక్రధర్ వాటేసుకున్నాడు.

"నేనెవుర్ని కొట్టినానన్నా?" అని మునిచంద్ర హడలిపోయాడు.

"జిల్లా ఫస్టు కొట్టినావు! అందరి మీటర్లూ గిరగిరా తిరిగితే నీది సున్నా దగ్గిర్నించి కదల్లేదంట. మంత్రిగారు నిన్ను సూసేదానికి వస్తా ఉండారు."

"నీళ్లు లేక కదా తోడలేదు! ఉంటే తోడనా? సూడు, చెట్లు ఎట్ల మాడిపోతా ఉండాయో."

"అవన్నీ కారణాలు" అన్నాడు యోగానంద మెత్తగా. "మీటరులో కారణాలకు చోటు లేదు. సున్నా అంటే సున్నానే."

మునిచంద్ర భార్య లోకేశ్వరి స్వీటు డబ్బా వంక కూడా చూడలేదు. "మాకు శాలువాలొద్దు సార్. బోరు ఎండిపోయిందని ఒక్క ముక్క రాసియ్యండి, సాలు" అంది.

"అక్కా, నువ్వు సిన్న ఆశ పడతా ఉండావు" అన్నాడు చక్రధర్. "కొత్త బోరుకు స్టేజీమీదే సంతకం పెట్టిస్తా. ఆఫీసు సంతకం యాడ, మంత్రి సంతకం యాడ!"

ఆ మాటతో మునిచంద్ర మెత్తబడ్డాడు. ఎండిన తోటగల మనిషిని మెత్తబరచడానికి పెద్ద నాయకుడేమీ అక్కరలేదు.

రాజధానినుంచి కార్యక్రమం వివరం వచ్చింది. మంత్రిగారు స్విచ్చి వేస్తారు, బోరులోంచి నీళ్లు ఉబికి వస్తాయి, వాటిమీద పూలు చల్లుతారు, మహానుభావుడికి శాలువా కప్పుతారు.

"సార్, నీళ్లు రావు కదా" అన్నాడు మునిచంద్ర.

యోగానంద కాగితం మళ్లీ చదివి, "వస్తాయని ఉండాదే" అన్నాడు.

ఆయన ప్రతిభ అప్పుడు బయటపడింది. బోరు వెనకాల గొయ్యి తవ్వించి, ప్లాస్టిక్ షీటు పరిపించి, టాంకరుతో నీళ్లు పోయించాడు. బోరులోంచి మోటరు పైకి లాగించి ఆ గోతిలో దించాడు. చుట్టూ అరటిచెట్లు, వాటిముందు మంత్రిగారి ఫ్లెక్సీ. గోతిలోని నీళ్లు పైపెక్కి, మీటరు దాటి, అందరికీ కనిపించేలా సిమెంటు తొట్టిలో పడతాయి. తొట్టి అడుగునుంచి ఎవరికీ కనబడకుండా మళ్లీ గోతిలోకి పోతాయి.

"పోయిన నీళ్లే వస్తాయి, వచ్చిన నీళ్లే పోతాయి" అని యోగానంద మురిసిపోయాడు. "పొదుపు అంటే ఇది!"

ఒక్కచోట మాత్రం పైపు జాయింటు కారుతూ ఉంది. దాని పక్కన మామిడిచెట్టు ఒకటి ఉంది కాబట్టి లోకేశ్వరి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మంత్రిగారు వచ్చారు. బోరు పైపుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి స్విచ్చి వేశారు. నీళ్లు దబదబా పడ్డాయి. చప్పట్లు మారుమోగాయి. మునిచంద్రకు మైకిచ్చారు. అతను గొంతు సవరించుకుని, ఉన్నమాట చెప్పేశాడు.

"అయ్యా, నా బోరు ఎండిపోయి శానా దినాలైంది. నా కాడ నీళ్లు లేవు."

యోగానంద కళ్లు మూసుకున్నాడు. మంత్రిగారు మాత్రం తొట్టిలో పడుతున్న ధార వంక చూసి, మైకందుకుని, కళ్లు తుడుచుకున్నారు.

"విన్నారా! కళ్లెదుట ఇంత గంగమ్మను పెట్టుకుని 'నా దగ్గర నీళ్లు లేవు' అంటున్నాడు. నాది అన్నమాటే అతని నోట రావడం లేదు. నీళ్లు నావి కావు, జాతివి అని దాని అర్థం! చెట్లు ఎండబెట్టుకున్నాడు గానీ చుక్క తోడలేదు. త్యాగమంటే ఇదీ!"

మునిచంద్ర ఇంకా ఏదో అనబోయాడు గానీ శాలువా నోటికి అడ్డం పడింది. చక్రధర్ మాట తప్పలేదు, కొత్త బోరు అర్జీ ముందుకు చాచాడు. మంత్రిగారు ఎవరో అభిమాని ఆటోగ్రాఫ్ అడుగుతున్నాడనుకుని, 'ప్రేమతో' అని రాసి సంతకం చేశారు.

మంత్రిగారు వెళ్లిపోయినా యోగానంద మోటరు ఆపనివ్వలేదు. ఇతర జిల్లాలనుంచి అధ్యయన బృందాలు దిగాయి. వచ్చిన ప్రతి బృందమూ ధార ముందు నిలబడి ఫోటో తీయించుకుని, అరటాకులో భోంచేసి వెళ్లింది. అవే నీళ్లు, అదే పైపు. మీటరు మాత్రం పాపం ప్రతిసారీ కొత్త నీళ్లే అనుకుని లెక్క కట్టి, రాజధానికి పంపింది. బృందాలు అయిపోయాక టాంకరువాడు వచ్చి, గోతిలో మిగిలిన నీళ్లు కూడా చిత్తూరులో పెళ్లికి కావాలని తోడుకుపోయాడు.

మునిచంద్ర 'ప్రేమతో' సంతకం పట్టుకుని చిత్తూరు బయల్దేరేలోపే చిత్తూరు అతని తోటకు వచ్చింది. రెండు జీపులు, పోలీసులు. యోగానంద ముఖం చిన్నబోయి ఉంది.

"నువ్వు ఇట్ల సేస్తావనుకోలేదు మునిచంద్రా. జిల్లా మొత్తం తోడిన దానికంటే నువ్వొక్కడివే ఎక్కువ తోడినావంట."

"సార్! ఆ గొయ్యి తవ్వించింది మీరే కదా!"

"గొయ్యి నాకు తెలుసు. రాజధానికి తెలిసింది మీటరే కదప్పా."

"పోనీ సార్, కొత్త బోరు?"

"ఇంత ధార ఉండే బోరును పెట్టుకుని ఇంకొకటి అడిగితే జనం నవ్వుతారు."

మునిచంద్రకు ఒళ్లు మండిపోయింది. "రాండి సార్, బోరులో రాయేసి ఇనండి. యాడన్నా గుబుక్కుమంటే నా సెవి కోసిస్తా!" అని అరిచాడు.

యోగానంద రాయి వేయలేదు. సాక్ష్యం ఉంది కదా అని, పైపు పక్కనున్న మామిడిచెట్టును చూపించాడు. తోటంతా ఎండిపోతే, జాయింటు కారిన చోట ఆ ఒక్క చెట్టు ఎర్రగా, నిగనిగలాడుతూ చిగురేసింది. నీళ్లు తోడకుండా చిగురెలా వచ్చిందని ఆయన అడిగిన ప్రశ్నకు పోలీసులు కూడా తలలూపారు. చెట్టుకు ఫోటో తీశారు. బోరు మూతికి గోనెపట్ట కట్టి, లక్క కరిగించి సీలు వేశారు. సీలు విప్పి ఎవరైనా నీళ్లు దొంగిలిస్తారేమోనని ధనంజయ అనే హోంగార్డును కాపలా పెట్టారు.

ధనంజయ మంచివాడు. చిగురేసిన చెట్టుకింద కుర్చీ వేసుకుని, ఎండిన బోరును కళ్లార్పకుండా కాశాడు. అయితే మనిషన్నాక దాహమవుతుంది. ఆ తోటలో తాగడానికి నీళ్లు లేవు కాబట్టి, శాఖవారు రోజూ పొద్దున పూతలపట్టునుంచి ఒక క్యాను పంపసాగారు. ఒక్క మనిషి క్యానంతా ఎక్కడ తాగగలడు?

"అక్కా, రేపు కొత్తది వస్తాది. ఇది పారబోస్తా ఉండాను" అన్నాడు సాయంత్రం.

"ఈడ పారబొయ్యి నాయనా" అని లోకేశ్వరి పక్కచెట్టు మొదలు చూపించింది.

కొన్నాళ్లకు పక్కచెట్టు చిగురేసింది. యోగానంద వచ్చి చూసి నిర్ఘాంతపోయాడు. సీలు చెక్కుచెదరలేదు, అయినా నీళ్ల దొంగతనం ఆగలేదు. వెంటనే భద్రత పెంచాల్సిందిగా రాశాడు. మరునాడే రెండో హోంగార్డు దిగాడు, వెంట రెండో క్యాను.

లోకేశ్వరి మొగుడి వంక చూసింది. మునిచంద్ర తోట ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూశాడు. చాలా రోజుల తరువాత అతని ముఖంలో కళ వచ్చింది. జీపెక్కబోతున్న యోగానంద దగ్గరకు పరుగున వెళ్లి, రెండు చేతులూ కట్టుకుని అడిగాడు.

"సార్, మన జిల్లాలో మొత్తం హోంగార్డులు ఎంతమంది ఉండారు?"